ఆరాధన మానదలచిన విశ్వాసులకు మార్గదర్శకాలు

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. జూన్ 8 నుంచి ప్రార్థనా మందిరాలు తెరుచుకోవచ్చని కేంద్రం చెప్పింది. కొందరు క్రైస్తవ విశ్వాసుల ఇళ్లకు ఈ రెండో కబురు ఇంకా చేరలేదు. వారిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మానేదేదో పద్ధతిగా మానమంటున్నాం, అంతే.

ముందు ధైర్యం తెచ్చుకోండి. హెబ్రీయులకు రాసిన పత్రిక 10:25లో సమాజముగా కూడుట మానొద్దంటూ, "కొందరు మానుకొనుచున్నట్టుగా" అని కూడా ఉంది. అంటే మొదటి శతాబ్దంలోనే మనవాళ్లున్నారు. సాక్షాత్తూ బైబిల్లో చోటు దక్కిన సంప్రదాయం మనది.

ఒక్కసారిగా మానేస్తే దొరికిపోతారు. మొదట్లో పాటలన్నీ అయ్యాక వాక్యం వేళకు రండి. కొన్నాళ్లకు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారం ఆదివారాలు చాలు. ఆపైన క్రిస్మస్, ఈస్టర్, డిసెంబరు 31 రాత్రి. ఆ రాత్రి మాత్రం ఎగ్గొట్టకండి, కొత్త ఏడాదికి బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు ఇచ్చేది అప్పుడే. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటిస్తే మిగతా ఏడాది సంగతి అదే చూసుకుంటుంది. పల్లెలో చిన్న సంఘమైతే కష్టం, చాప మీద మీ చోటు ఖాళీగా కనబడుతుంది. నగరంలో ఆదివారానికి మూడు ఆరాధనలు జరిగే చర్చిలో చేరండి. మొదటి ఆరాధనవాళ్లు మీరు రెండోదానికి వస్తున్నారనుకుంటారు, రెండోదానివాళ్లు మూడోదానికనుకుంటారు. ఇలా ఏళ్లు నెట్టుకురావచ్చు.

తప్పక వెళ్లిన రోజున అసలు గండం ప్రసంగం కాదు, దీవెన అయ్యాక చెప్పుల దగ్గర గడిచే పది నిమిషాలు. అక్కడొక పెద్దావిడ చెయ్యి పట్టుకుంటుంది. "వందనాలమ్మా, పోయిన వారం కనబడలేదే? బాబుకి జ్వరం తగ్గిందా?" తగ్గిందంటే వదలదు. ప్లేట్‌లెట్లు ఎంతకు పెరిగాయి, ఎవరికి చూపించారు, మీ ఆయనకు ఆగిన జీతం వచ్చిందా అని వరసగా అడుగుతుంది. అడుగుతూనే కాలితో మీ రెండో చెప్పు వెదికి ముందుకు జరుపుతుంది. నాలుగు వారాలు ఇదే సాగితే లోపలి బాధంతా కక్కేస్తారు. ఆమె మంగళవారం ఉపవాస కూడికలో మీ బాబు పేరు చెప్పి ప్రార్థన చేయిస్తుంది కూడా. అందుకని ముగింపు ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకోగానే జారుకోండి.

ఇంట్లో ఫోన్లో ఆరాధన లైవ్ పెట్టుకుంటే ఈ బెడద లేదు. లైవ్ ముగిశాక అదే వీడియో వేగం ఒకటిన్నరకు పెంచితే 45 నిమిషాల ప్రసంగం అరగంటలో తేలిపోతుంది. కానుకల పాట దగ్గర సిగ్నల్ పోవడం సహజం. ప్రభువు బల్ల దగ్గర ఒకరికోసం ఒకరు కనిపెట్టుకొమ్మని అపొస్తలుడైన పౌలు కొరింథువారికి రాశాడు. సోఫాలో ఎవరికోసమూ ఆగక్కర్లేదు. ఎవరైనా నిలదీస్తే మత్తయి 18:20 చూపండి: ఇద్దరు ముగ్గురు కూడితే చాలు. మీరు, మీ ఆవిడ, ఫోను కలిపి ముగ్గురు. ఆవిడ వంటింట్లో ఉన్నా ఇద్దరు మిగులుతారు. అదే అధ్యాయంలో 15వ వచనం మాత్రం చదవొద్దు. తప్పుచేసిన సహోదరుడి దగ్గరికి వెళ్లి మాట్లాడమంటుంది అది.

మంచాన పడ్డవాళ్లకు, ఆదివారం డ్యూటీ పడిన నర్సులకు లైవ్ నిజంగానే వరం. వారికి ఈ మార్గదర్శకాలు వర్తించవు.

చరిత్ర తెలిసినవాళ్లతో వాదన పెట్టుకోకండి. 304లో ఉత్తర ఆఫ్రికాలోని అబితినా విశ్వాసులు రోమా చక్రవర్తి డయోక్లెషియన్ ఆంక్షలను కాదని కూడుకుని పట్టుబడ్డారు. కార్తేజిలో విచారించిన అధికారితో, ప్రభువు దినమైన ఆదివారాన కూడుకోకుండా ఉండలేమన్నారు. పాపం, వాళ్లకు నెట్ లేదు. బైబిల్లో చూస్తే, త్రోయ పట్టణంలో పౌలు అర్ధరాత్రిదాకా ప్రసంగిస్తుంటే ఐతుకు అనే యువకుడు కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగి వచ్చి కౌగిలించుకున్నాడు. మీ సోఫా ఎత్తు ఒకటిన్నర అడుగులు. ఎవరూ దిగి రానక్కర్లేదు.

చివరగా, ఆస్పత్రిలో చేరినప్పుడు సంఘం గ్రూపులో ప్రార్థన విన్నపం పెట్టండి. దండం బొమ్మలు బోలెడు వస్తాయి. అన్నం క్యారియరు మాత్రం రాదు, మీ వార్డు నంబరు ఎవరికీ తెలియదు గనక. యాప్‌లో భోజనం తెప్పించుకోండి. తెచ్చిన అబ్బాయి మెడలో సిలువ కనబడితే, ఆ రోజు ఆదివారమైతే, ఆరాధనకు ఎందుకు వెళ్లలేదని అడగకండి. ఆర్డరు మీదే.