గజం 133 రూపాయలకే అడవి

విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర గజం ఎంతని అడిగితే బీపీ పెరుగుతుంది. అడవిలో గజం ఎంతో తెలిస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. అటవీ భూమిని చమురు బావులకో గనులకో మళ్లించేటప్పుడు కట్టే ‘నికర ప్రస్తుత విలువ’ను 2022లో పెంచారు. పెంచాక కూడా, ఎంత దట్టమైన అడవైనా హెక్టారుకు గరిష్ఠం 15,95,790 రూపాయలు. హెక్టారంటే 11,960 గజాలు. భాగించుకోండి, గజం 133 చిల్లర. అభయారణ్యమైతే అయిదింతలు, జాతీయ పార్కైతే పదింతలు కట్టాలి గానీ, పదింతలైనా 1,335 దాటదు. ఆ రేటుకు గొల్లపూడిలో శ్మశానం పక్కన ప్లాటు చూపించే బ్రోకరుంటే చెప్పండి.

ఇంత చవకైన సరుకును ముట్టుకోవద్దనేవాళ్లను చూస్తే జాలేస్తుంది. కృష్ణా అభయారణ్యంలోని మడ అడవులనే తీసుకోండి. ఉప్పెన జోరు తగ్గిస్తాయట, రొయ్య పిల్లలను సాకుతాయట. వీటిలో ఒక్క సేవకైనా జీఎస్టీ కట్టాయా?

అక్కడ చమురు బావి తవ్వడం ఎంత పద్ధతైన పనో చూడండి. ముందు సర్వే. చెట్లు కొట్టి తిన్నగా దారులు తీసి, బోర్లు వేసి, మందు పేల్చి, భూమి పొరల నుంచి తిరిగొచ్చే ప్రకంపనలు కొలుస్తారు. ఇలాంటి అన్వేషణను, కేంద్రం పెట్టే షరతుల మేరకు, ‘అటవీయేతర పని’గా లెక్కించకుండా ఉండే వీలును 2023 చట్ట సవరణ కల్పించింది. మందు పేల్చడం అడవి పనే అన్నమాట. పుల్లలేరుకునే ముసలమ్మ మాత్రం ఆక్రమణదారు.

తర్వాత నేల చదును చేసి మెరక తోలాలి. బావి తవ్వే రిగ్గును మోసే లారీలకు రోడ్డు కావాలి. నిజానికి మడ అడవిని ఎక్కువగా తినేది బావి కాదు, ఈ రోడ్డే. గట్టు అడ్డం పడితే పోటు నీరు అవతలికి పోదు, అక్కడ ఉప్పు పేరుకుని చెట్లు నిలువునా ఎండుతాయి. ఎండినవి దరఖాస్తులో లేవు కాబట్టి నష్టమూ లేదు.

గ్యాసును అణిచి ఉంచడానికి బావిలోకి బెంటోనైటు బంకమన్ను, బరువైన బెరైటు ఖనిజం కలిపిన బురద పంపిస్తారు, దాన్నే మడ్ అంటారు. బెరైటు మన మంగంపేటదే కావచ్చు, గర్వించండి. మడ్ బరువు తగ్గితే గ్యాసు తన్నుకొస్తుంది. ఎక్కువైతే రాతిపొర చిట్లి మడ్డే లోపలికి పోతుంది, బావిలో మట్టం పడి మళ్లీ గ్యాసే వస్తుంది. ఆఖరి దిక్కు, గ్యాసు తన్నుకొస్తే మూసేయడానికి బావి నోటికి బిగించే బ్లోఅవుట్ ప్రివెంటర్. అదీ ఆదుకోనప్పుడు ఏమవుతుందో 1995లో కోనసీమలోని పాశర్లపూడి బావి 65 రోజులు వెలిగి చూపించింది. అస్సాంలో డిబ్రూ-సైఖోవా జాతీయ పార్కు పక్కన బాఘ్‌జాన్ బావి 2020 మే 27న తన్నింది. నవంబరులో గానీ అదుపులోకి రాలేదు. కొందరు దీన్ని ప్రమాదమంటారు. రాత్రిళ్లు ఉచితంగా వెలుగొచ్చిన సంగతి ఎవరూ చెప్పరు.

పోయిన అడవికి బదులు అడవి పెంచుతారు, హెక్టారుకు వెయ్యి మొక్కల లెక్కన. మడ మొక్కలే కావాలంటే పెద్ద చాకిరీ. చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వాలి, పోటుకు నీరెక్కి పాటుకు దిగాలి, పూడిక తీయిస్తూనే ఉండాలి. తీయకపోతే మొక్క చస్తుంది. దానికన్నా ఎక్కడో మెట్ట మీద టేకు నాటితే ఫొటో బాగా వస్తుంది. మడ అడవిలో చేపలు పట్టి బతికే బావురు పిల్లే కాస్త సర్దుకుని టేకు తోటలో చేపలు పట్టడం నేర్చుకోవాలి.

జనం ఏమంటారోనన్న బెంగా అక్కర్లేదు. 2020 జనవరిలో అన్వేషణ బావులను పర్యావరణ అనుమతుల్లో బీ-2 కేటగిరీలోకి మార్చడంతో ప్రజాభిప్రాయ సేకరణ బెడద తప్పింది. షామియానా అద్దె, మజ్జిగ ప్యాకెట్లు, ‘పరిశీలిస్తాం సార్’ అనే అధికారి టీఏ, డీఏ: మూడూ ఆదా.