సవరణ: కాటన్ ఎయిర్ ఫిల్టర్ పోస్టు గురించి

మొన్నటి పోస్టుల 'ఫిల్టర్ కడిగి ఆరినంక ఆయిల్ పట్టించాలె' అని రాసిన గదా, అది కె అండ్ ఎన్ కంపెనీ లాంటి ఆయిల్ పట్టించే కాటన్ ఫిల్టర్లకు మాత్రమే, కారుతోని వచ్చే పేపర్ ఫిల్టర్‌ను దయచేసి కడగకుర్రి. ఆయిల్ అంటే ఇంజన్ ఆయిల్ కాదన్నా, ఫిల్టర్ ఆయిలే, అది గూడ ఒక్కో మడత మీద సన్నగ వేసి 20 నిమిషాలు ఆగితే బట్టంత ఎర్రగ పాకుతది, తెల్లగ మిగిలిన కాడ్నే మళ్ల కొంచెం. ఎక్కువైతే ఆ జిడ్డు పోయి ఎంఏఎఫ్ సెన్సర్‌కు (ఇంజన్‌లకు పోయే గాలిని కొలిచేది) అంటి పికప్ పడిపోతది.

కడిగేటప్పుడు ఫిల్టర్‌ల శుభ్రంగున్న వైపు నుంచి మురికి వైపుకు నీళ్లు పోయాలె, మెల్లగ. పంచర్ షాపు గాలి అస్సలు కొట్టొద్దు, బట్ట చినుగుతది, నీడల ఆరబెట్టుర్రి. మిర్యాలగూడ దిక్కు వరికోతలప్పుడు దుమ్ము బాగ లేస్తది, అప్పుడు కిలోమీటర్లు లెక్కపెట్టకుండ తీసి చూసుకునుడే మంచిది.