మెషీనే చేసేసిందట, మరి నేనేం చేశానట?

ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్లు మండిపోతోంది. కట్టుకున్న చీర కూడా మార్చుకోకుండా ఇది రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఇక్కడ ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో ఒక ఫ్రెండ్ వాళ్లింట్లో ఈరోజు లంచ్. తలా ఒక ఐటమ్ తేవాలి. నేను కస్టర్డ్ టార్టులు, అంటే పేస్ట్రీ గిన్నెల్లో పాలు, గుడ్ల కస్టర్డ్ పోసి కాల్చిన తీపి, తీసుకెళ్లాను. అక్కడికి ఒక అక్క వచ్చారు. పేరెందుకులెండి, మెల్‌బోర్న్ పడమటి వైపు ఉండే తెలుగువాళ్లలో సగం మందికి ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. ఆవిడ ఒకటి తిన్నారు. బాగుందని రెండోది తిన్నారు. మూడోది టిష్యూలో చుట్టి "మావాడికి ఇష్టం" అంటూ బ్యాగులో పెట్టుకున్నారు. అన్నీ అయ్యాక తీరిగ్గా అడిగారు, "ఏమ్మా, ఒవెన్‌లో చేశావా?" అని. "లేదక్కా, పై మేకర్‌లో" అన్నాను.

"ఓ, మెషీనా! అయితే అదే చేసేస్తుందిగా. నేనింకా నువ్వే చేశావనుకున్నా."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. పెద్దవాళ్లు ఏమన్నా నవ్వాలని కదా మనకి నేర్పింది.

సరే, పై మేకర్ అంటే ఏంటో తెలియనివాళ్లకి చెప్తాను. గుంత పొంగనాల పెనానికి కరెంటు వైరు పెట్టి, పైన ఇంకో వేడి పెనం మూతలా బిగిస్తే ఎలా ఉంటుందో అదే. నా దాంట్లో నాలుగు గుంతలుంటాయి. ఈ దేశంలో మీట్ పై (మాంసం కూరి కాల్చిన పేస్ట్రీ) అంటే మనకి మిర్చి బజ్జీ ఎంతో అంత, కాబట్టి చాలా ఇళ్లల్లో ఈ మెషీన్ ఉంటుంది. 2019 ప్రాంతంలో అయితే కేమార్ట్ అనే షాపుల్లో దొరికే చవకరకం పై మేకర్ కోసం జనం ఎగబడ్డారు. పైలు ఒక్కటేనా, మిగిలిన పాస్తా, గుడ్లు, కేకు పిండి, చేతికేది దొరికితే అది అందులో పోసి మూతేసి ఫొటోలు పెట్టుకున్నారు. ఆ ఊపులోనే నేనూ కొన్నాను. మా ఆయన అప్పుడు "ఇంకో డబ్బానా, ఎక్కడ పెడతావ్?" అన్నారు. గరాజ్‌లో ఒక మూల బట్టలు ఆరేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాని ఆయన ట్రెడ్‌మిల్ ఉంది. నేనేమైనా అన్నానా?

ఇప్పుడు ఆ మెషీన్ "అదే చేసేసే" పని ఏంటో చూద్దాం. నాలుగు టార్టులకి పావు లీటరు పాలు, మూడు గుడ్ల పచ్చసొనలు, 50 గ్రాముల పంచదార, ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్. పచ్చసొన వేరు చేసేది మెషీనా? పంచదార, కార్న్‌ఫ్లోర్ వేసి తెల్లబడేదాకా గిలక్కొట్టేది మెషీనా? పొంగు రాబోతున్న పాలని సన్నటి ధారగా పోస్తూ, ఇంకో చేత్తో ఆపకుండా కలుపుతూ ఉండాలి. ఒక్క క్షణం చెయ్యి ఆగిందా, సొన ఉడికి ముక్కలైపోతుంది, తీపి వేసిన గుడ్డు పొరటు తయారవుతుంది. తర్వాత అదంతా మళ్లీ గిన్నెలో పోసి, సన్నటి సెగ మీద గరిటె వెనక పట్టేంత చిక్కబడేవరకూ తిప్పాలి. జల్లెడ పట్టాలి. మీగడ కట్టకుండా పైన ప్లాస్టిక్ కాగితం అతికించి చల్లార్చాలి. ఆ టైములో మా అబ్బాయి హోమ్‌వర్క్, ఇండియా నుంచి మా అత్తగారి వీడియో కాల్, రెండూ ఈ చెవినోటి ఆ చెవినోటి. మెషీన్ ఎక్కడుందప్పటికి? అల్మరాలో. ఇంకా వైరు కూడా విప్పలేదు.

పఫ్ పేస్ట్రీ షీట్లు ఫ్రీజర్‌వే వాడాను, అవును. ఇంట్లో వెన్న పొరలు పొరలుగా మడిచి చేసేంత తీరికే ఉంటే ఈ పోస్ట్ ఇంకా పెద్దది రాసేదాన్ని. కానీ ఆ షీట్లతోనూ తక్కువ తంటా కాదు. ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే పట్టుకుంటే పెళుసుగా విరుగుతుంది, కాస్త ఎక్కువసేపు వదిలేస్తే చేతికి అతుక్కుపోతుంది. ఆ మధ్యలో ఎక్కడో ఒక చిన్న గడియ ఉంటుంది, అప్పుడే గుండ్రంగా కోసి, గుంతలో మూలల్లో గాలి లేకుండా వేళ్లతో నొక్కుతూ పరవాలి. కింద వేడి పెనం, పైన వేళ్లు. నా చూపుడువేలు మీద ఎర్రటి గీత ఇప్పటికీ ఉంది. అది కూడా మెషీనే కాల్చుకుందేమో.

కస్టర్డ్ ముప్పావు గుంత వరకే పోయాలి. అంచుదాకా పోస్తే పై పెనానికి తగిలి మాడి అట్ట కడుతుంది, మూత ఎత్తగానే టార్టు మీది సగం కస్టర్డ్ మూతతో పాటే లేచొస్తుంది. నా దానికి వేడి తగ్గించే మీట లేదు, టైమర్ లేదు. ఒక ఎర్ర లైటు, ఒక పచ్చ లైటు, అంతే దాని తెలివి. అంచులు పొంగి బంగారు రంగు వచ్చాయా, కస్టర్డ్ చుట్టూ గట్టిపడి మధ్యలో మాత్రం కొంచెం వణుకుతోందా అని మూత ఎత్తి చూసి తేల్చుకోవాల్సింది మనమే. ఆ వణుకు ఉన్నప్పుడే తీసేయాలి. ఇంకొక్క నిమిషం ఆగుదామనుకుంటే అంతే సంగతులు, విరిగి నీళ్లూరుతుంది. తీసేటప్పుడు చాకు వాడకూడదు, నాన్‌స్టిక్ పూత గీసుకుపోతుంది. అట్లకాడ చెక్కదో సిలికాన్‌దో ఉండాలి. ఈ ముక్క ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే పోయిన శీతాకాలం నా దగ్గర ఇదే మెషీన్ అప్పు తీసుకుని, గుంతల నిండా చాకు గీతలతో తిరిగిచ్చిన మనిషి ఎవరో ఊహించండి. ఊహించారా? ఊ. అప్పుడు మాత్రం మెషీన్‌లో చేస్తే వంట కాదని తట్టలేదు ఆవిడకి.

ఒకందుకు మాత్రం మెషీన్‌కి దణ్ణం పెట్టాలి. ఒవెన్‌లో టార్టు పైన రంగు వచ్చేసినా అడుగు పచ్చిగా, తడిగా ఉండిపోతుంది. ఇందులో పేస్ట్రీ నేరుగా వేడి పెనం మీద కూర్చుంటుంది కాబట్టి అడుగు కరకరలాడుతుంది. పైగా నాలుగు టార్టుల కోసం అంత పెద్ద ఒవెన్ వేడెక్కించక్కర్లేదు. ఇక్కడి కరెంటు బిల్లులు చూసినవాళ్లకి నేను విడిగా చెప్పాలా?

అక్కడే ఇంకొకాయన, "యూట్యూబ్‌లో చూశానండీ, పైన నల్లటి మచ్చలుండాలి, మీ దానికి లేవే" అన్నారు. బాబూ, అది పోర్చుగల్ వాళ్ల పాస్టెల్ డి నాటా. ఆ మచ్చలు రావాలంటే ఒవెన్ బాగా మండిపోయేంత వేడిగా ఉండాలి. నేను చేసింది ఇక్కడి బేకరీల్లో మీట్ పై పక్కనే పెట్టి అమ్మే రకం, మీద జాజికాయ పొడి రాలుస్తారే, అది. లిస్బన్‌లోని బెలెమ్‌లో ఉన్న జెరోనిమోస్ మఠంలో బట్టలకి గంజి పెట్టడానికి గుడ్ల తెల్లసొన వాడేవాళ్లని, మిగిలిన పచ్చసొనతో ఈ టార్టులు పుట్టాయని చెప్తారు. 1834లో అక్కడ మఠాలు మూతపడ్డాక, 1837 నుంచి పక్కనే కొట్టు పెట్టి అమ్మారు. ఆ కొట్టు ఇప్పటికీ ఉంది, వెళ్లి మచ్చలు లెక్కపెట్టుకుని రండి.

విచిత్రం ఏంటంటే అదే 1837లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్టు గుడ్డు లేని కస్టర్డ్ పౌడర్ తయారుచేశాడు. వాళ్లావిడకి గుడ్డు పడదట. భార్యకి పడదని ఏకంగా ఒక పొడినే కనిపెట్టాడు మహానుభావుడు! మా ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో కనిపెట్టమనండి చూద్దాం. చిన్నప్పుడు మన పెళ్లి భోజనాల్లో, ఎండాకాలం సెలవుల్లో తిన్న ఫ్రూట్ సలాడ్ కస్టర్డ్ అంతా ఆ వరస పొడి పుణ్యమే. పొడిని పాలలో కలిపి దించడమే కదా దాని పని. మరి మన అమ్మల్ని ఎవరైనా "పొడే చేసేసిందిగా" అన్నారా? అన్నట్టు, ఈరోజు ఇంకొకరు "ఇందులో ఎగ్ ఉందా" అని అడిగి, ఉందనగానే మూతి ముడిచి పక్కకి నెట్టేశారు. ఆ మూతే పోయిన వారం పుట్టినరోజు కేకు మీద క్రీమ్‌తో సహా నాకింది. కొన్న కేకులో గుడ్డు కనపడదు కాబోలు.

సరే, దారి తప్పాను. మెషీన్ గురించి కదా. ఆ అక్క వంటింట్లో ఏముందో నాకు తెలుసు. ఇండియా నుంచి మోసుకొచ్చిన టేబుల్‌టాప్ గ్రైండర్ ఉంది. ఇడ్లీ పిండి రుబ్బేది అదే. రైస్ కుక్కరుంది, మిక్సీ ఉంది, చపాతీలు నొక్కేదుంది. ఆవిడ ఇడ్లీ పెడితే "అబ్బ, దూదిలా ఉందక్కా" అంటాం. గ్రైండర్‌కి చప్పట్లు కొట్టం. మరి నా దగ్గరికి వచ్చేసరికి ఎందుకండీ మెషీన్‌కి పేరు?

అసలు కడుపు మండేది ఇంకా చెప్పలేదు. ఈరోజు అదే ఇంటి పెరట్లో బార్బెక్యూ కూడా పెట్టారు. అన్నయ్యగారు, అంటే ఈ అక్క వాళ్లాయనే, ఏప్రాన్ కట్టుకుని పటకారు పట్టుకుని నిలబడ్డారు. బటన్ నొక్కితే వెలిగే గ్యాస్ బార్బెక్యూ. చికెన్‌కి రాత్రే పెరుగు, అల్లంవెల్లుల్లి, కారం పట్టించి డబ్బాల్లో సర్దింది అక్కే. ఉల్లిపాయలు కోసింది ఆ ఇంటామె. ప్లేట్లు అందించింది మేము. ఆయన ముక్కల్ని ఇటు నుంచి అటు తిప్పారు. అంతే, "అన్నయ్య అదరగొట్టేశారు", "మీ చేతిలో ఏదో ఉందన్నయ్యా", ఒకాయన వీడియో కూడా తీశాడు. కాల్చింది గ్యాస్ కదా అన్నయ్యా, మరి మీరేం చేశారు అని ఒక్కరైనా అడిగారా? నేను అడగలేదు. అందుకే ఇప్పుడు ఇక్కడ అడుగుతున్నాను.

ఆడవాళ్ల వంటకి మాత్రం ఒళ్లు హూనమైతేనే మార్కులు. మూడేళ్ల కింద ఉగాదికి ఈ గుంపే, "నీ చేతి రుచి ఎవరికీ రాదమ్మా, బొబ్బట్లు నువ్వే చెయ్యాలి" అని నన్ను మునగచెట్టు ఎక్కించింది. పప్పు ఉడకబెట్టి, పూర్ణం రుబ్బి, ఆ ఊరందరికీ సరిపడా బొబ్బట్లు ఒక్కొక్కటీ చేత్తో తట్టి కాల్చాను. భుజం పట్టేసి మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టాను. ఆరోజు ఆ పొగిడినవాళ్లంతా ఏం తెచ్చారనుకున్నారు? ఇండియన్ కొట్లో కొన్న గులాబ్ జామూన్ టిన్ను, రెండు కోక్ బాటిళ్లు, ఒక చిప్స్ ప్యాకెట్. చేతి రుచి అని ఎవరైనా అన్నారంటే జీతం లేని పని ఒకటి మన నెత్తిన పడబోతోందని ఆరోజే తెలిసింది. ఆ పొగడ్తకి లొంగకుండా నడుం నొప్పి లేని వంట ఏదైనా చేసుకుందామంటే, అదిగో, మెషీన్ చేసిందంటారు.

ఇంటికొస్తుంటే కారులో మా ఆయన, "సరదాగా అన్నారులే, వదిలేయ్" అన్నారు. ఈయనకి కూడా అన్నయ్య వీడియోలో బ్యాక్‌గ్రౌండ్‌లో నిలబడి బీరు పట్టుకున్నందుకు రెండు పొగడ్తలు వచ్చాయి, అందుకని సరదాగానే ఉంటుంది మరి.

రెసిపీ అడిగేవాళ్లకి: పైనే రాసేశాను, మళ్లీ వెనక్కెళ్లి చదువుకోండి. మెషీన్ అప్పు అడిగేవాళ్లకి: ఇవ్వను.

అక్కా, మీరు ఈ పోస్ట్ చదువుతారని నాకు తెలుసు, నా పోస్టులన్నీ చూస్తారు, ఒక్కదానికీ లైక్ కొట్టరు. టార్టులు తెచ్చిన స్టీలు డబ్బా హడావిడిలో మీ కారులోకి వచ్చేసిందట. మూత మీద మా అమ్మ పేరు చెక్కించి ఉంటుంది, చూడండి. ఖాళీ డబ్బా తిరిగి ఇవ్వకూడదు కదా మనవాళ్లలో, అందుకని ఏదో ఒకటి వేసి పంపండి. మెషీన్‌లో చేసినదైనా నాకేం పట్టింపు లేదు.