పేరు తీసేస్తే సరిపోదండీ

నిషేధించిన మందులు వాడి దొరికిపోయి 2012లో సైకిల్ పందేల వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ తప్పుకున్నాక, క్యాన్సర్ రోగుల కోసం అతనే పెట్టిన లైవ్‌స్ట్రాంగ్ సంస్థ అతని పేరు తీసేసి గట్టెక్కిందని ఒకరు రాశారు. నాకు నచ్చలేదు. ఆ సంస్థ పసుపు చేతి పట్టీలు కోట్లలో అమ్ముడైంది అతని మొహం చూసే కదా! ఆ పట్టీలు చేసిచ్చిన నైకీ కంపెనీ కూడా 2013లో చేతులు దులుపుకుంది. సంస్థని నిలబెట్టింది క్యాన్సర్ రోగుల ఫోనెత్తి జవాబు చెప్పిన సిబ్బంది.

మా పలాస వైపు ఉద్దానం కిడ్నీ రోగులకి మందులిచ్చే చిన్న ట్రస్టు ఒకటుంది. పెద్దాయన లెక్కల్లో దొరికిపోయాడు. మిగిలిన కుర్రాళ్లు పద్దుల పుస్తకం పట్టుకెళ్లి రచ్చబండ దగ్గర పేజీ పేజీ పైకి చదివారు. తిట్లు తిన్నారనుకోండి. ఆ నెల రూపాయి రాలలేదు. మూడో నెలకి జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు తలో 20 రూపాయలు తెచ్చిచ్చారు. పెద్దాయన ఫొటో మాత్రం గోడమీదే ఉంది, దించడానికి ఎవరికీ చేతులు రాలేదు.