అటక మీది పెద్ద పెట్టెకు వ్రాయునది

మహారాజశ్రీ అటక మీది పెద్ద పెట్టె గారి దివ్య సముఖమునకు,

మీ యజమానురాలు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ కింద మేమంతా క్షేమం. పైన మీరు, మీ పక్కనున్న పాత మిక్సీ, బొమ్మల కొలువు మెట్లు, గొట్టం విరిగిన కూలరు అందరూ క్షేమమని తలుస్తాను.

మర్యాదలు అయిపోయాయి కాబట్టి ఇక నువ్వు అనే అంటాను.

ఆదివారం నిన్ను తీసుకుపోవడానికి మా తమ్ముడి కొడుకు వస్తున్నాడు. బీటెక్ మూడో సంవత్సరం. సెలవుల్లో రెండు వారాలు కంబోడియాలో సేవ చేస్తాడట. "ఎస్ఓపీలో పడుతుంది అత్తా" అన్నాడు ఫోన్‌లో, హుండీలో పడుతుంది అన్నంత భక్తిగా. ఎస్ఓపీ అంటే నీకు తెలియదేమో. అమెరికాలో ఎంఎస్ సీటు కోసం మన పిల్లలు రాసుకునే ఆత్మకథ. అందులో ఇదివరకు చిన్నప్పుడు రేడియో విప్పి మళ్లీ బిగించిన సంగతి ఉండేది. ఇప్పుడు పరాయి దేశపు పేద పిల్లలు ఉంటున్నారు.

వాడికి చెబితే వినడు. అప్పట్లో నాకు చెబితే నేనూ వినలేదు. అందుకని నీకు చెబుతున్నాను. నువ్వైతే ఒకసారి పోయి వచ్చినదానివి.

2019 మే నెలాఖరు, గుర్తుందా? నేను మూడు వారాలు టాంజానియాలో లెక్కలు చెప్పి వస్తానని మా అపార్ట్‌మెంట్ అంతా టాంటాం అయింది. నీ బరువు 23 కిలోలు దాటకూడదు. నా సామాను పది కిలోలు. మిగతా పదమూడూ "పాపం వాళ్లకి". రెండో అంతస్తు వాళ్లు పిల్లల పాత యూనిఫారాలు ఇచ్చారు. నాలుగో అంతస్తు ఆంటీ సగం వాడిన రంగు పెన్సిళ్లు ఇచ్చి, తన పేరు చెప్పమంది. ఎవరో ఒక పట్టుచీర లాంటి చీర ఇచ్చారు. కిలిమంజారో కొండ కింద దాన్ని ఎవరు కడతారని ఇచ్చినవాళ్లూ అనుకోలేదు, తీసుకున్న నేనూ అనుకోలేదు. వాచ్‌మన్ భార్య మెట్లు తుడుస్తూ ఆ చీర చూసి "ఇది బాగుందమ్మా" అంది. "ఇవి ఆఫ్రికాకి" అన్నాను.

నువ్వు అప్పుడు నోరు తెరుచుకునే ఉన్నావు. ఒక్క మాట అనలేదు.

మా అమ్మ సంగతి సరేసరి. కొత్త ఆవకాయ పెట్టి నెల కూడా కాలేదు. ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఒక పాలిథిన్ కవరు, దాని మీద ఇంకో కవరు, మొత్తం నాలుగు కవర్లు చుట్టి, మధ్యమధ్య రబ్బరు బ్యాండ్లు వేసి నీ నట్టనడుమ పెట్టింది. ఆ ఏడాది జూన్ 1 నుంచి టాంజానియాలో పాలిథిన్ కవర్లు నిషేధమని, బయటినుంచి వచ్చేవాళ్లు కూడా విమానాశ్రయంలోనే అప్పజెప్పాలని అమ్మకు ఎవరూ చెప్పలేదు. నేనూ చదవలేదు. నేను చదివింది వేరే. కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు, అక్కడి సూర్యోదయం ఫొటోలకు బాగుంటుంది, అదీ. కెన్యా వాళ్లయితే 2017లోనే కవర్లు ఆపేశారు, పట్టుబడితే జైలు కూడా.

సబ్బులు, మందులు పెట్టుకున్న జిప్ కవర్లను ఏమీ అనలేదు. ఆవకాయకు చుట్టిన కవరు చీరలు మాత్రం ఒక్కొక్కటే విప్పించారు. ఆ అమ్మాయి చాలా మర్యాదగా విప్పింది. ద్రౌపదీ వస్త్రాపహరణంలా తరగకుండా వస్తుంటే, నా వెనక వరుసలో తెల్లవాళ్లు ఆసక్తిగా చూశారు. కవర్లు వాళ్లు ఉంచుకుని, డబ్బా నాకిచ్చారు. ఆ తరవాతి గంట ప్రయాణంలో మూత ఏం చేసిందో నీకన్నా బాగా ఎవరికి తెలుసు? యూనిఫారాలు, చీర, రంగు పెన్సిళ్లు, అన్నీ ఒకే రంగు. ఇప్పటికీ నీ జిప్ తీస్తే ఆవపిండి వాసన గుప్పుమంటుంది.

బట్టలు పాడైనందుకు ఏడ్చాను కూడా. మూడో రోజు మోషీ అనే ఆ ఊరి సంతకు వెళ్లాక ఆ ఏడుపు ఆగింది. అక్కడ పాత బట్టలను మిటుంబా అంటారు. అమెరికా, యూరప్ వదిలేసినవన్నీ బేళ్లకు బేళ్లు వచ్చి గుట్టలు పోసి ఉన్నాయి. మా రెండో అంతస్తు వాళ్ల యూనిఫారాల కన్నా వెయ్యి రెట్లు మంచివి, ఇస్త్రీ చేసి హ్యాంగర్లకు తగిలించి అమ్ముతున్నారు. నేను ఏడువేల చిల్లర కిలోమీటర్ల దూరం నుంచి, సముద్రానికి ఉప్పు తీసుకెళ్లాను. ఏడువేలు కాదులే, అయిదువేల పైచిలుకు ఉంటుందేమో. లెక్కల మాస్టారమ్మని, అయినా ఆ రోజు లెక్క కుదరలేదు.

ఇంకా నీకు తెలియనివి కొన్ని ఉన్నాయి. నువ్వు గదిలో మంచం కింద ఉండిపోయావు కదా.

నేను దిగిన ఇంటావిడను అందరూ మామా అంటారు. వాళ్ల భాష స్వాహిలీలో మామా అంటే అమ్మ. నాకేమో మామ అనగానే మా మామగారు గుర్తొచ్చి, రెండు రోజులు ఆవిడ ముందు కొంగు సర్దుకున్నాను, చుడీదార్‌లో ఉండి కూడా. దాదా అంటే అక్కచెల్లెలు. కాకా అంటే అన్నదమ్ముడు. ఇక బడిలో ఓ నాలుగేళ్ల బుడతడు బలపం పడేసుకుంటే "ఇటు రా బాబూ" అన్నాను. తరగతి తరగతంతా బల్లలు కొట్టి నవ్వారు. స్వాహిలీలో బాబు అంటే తాత. ఆ పిల్లవాడు నేనున్నన్ని రోజులూ నడుం వంచి, కర్ర పట్టుకున్నట్టు నడుస్తూ నా ముందుకు వచ్చేవాడు.

పెద్దవాళ్లు కనబడితే అక్కడి పిల్లలు "షికామో" అంటారు. దండం పెట్టడం లాంటిది. దానికి "మరహబా" అని బదులివ్వాలి. నాకది నాలుగో రోజు దాకా తెలియదు. పిల్లలు దండాలు పెడుతూ ఉంటే నేను హాయ్ హాయ్ అంటూ చేతులూపుకుంటూ పోయాను, ఎన్నికల ప్రచారంలో ఉన్నట్టు.

మొదటి రోజు సంగతి ఇంకా ఘోరం. రేపు బడికి ఎన్నింటికి వెళ్లాలని అడిగితే మామా "సా ంబిలీ" అంది. ఫోన్‌లో వెతికాను. సా అంటే గంట, ంబిలీ అంటే రెండు. మధ్యాహ్నం రెండింటికి, తలంటుకుని, కాటన్ చీర కట్టుకుని వెళ్లేసరికి ఒకాయన గదులకు తాళాలు వేస్తున్నాడు. అక్కడ గంటల లెక్క తెల్లవారినప్పటి నుంచి. మన ఏడు గంటలు వాళ్లకు ఒకటి, మన ఎనిమిది వాళ్లకు రెండు. పంచాంగంలో రోజు సూర్యోదయంతోనే మొదలవుతుందని పుట్టినప్పటి నుంచీ వింటున్నదాన్ని. ఎవరైనా గోడ గడియారంలో దాన్ని నిజంగా వాడుకుంటారని మాత్రం తట్టలేదు.

అన్నిటికన్నా పెద్ద విషయం చివర తెలిసింది. వాళ్ల బడి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. జూన్‌లో నడిమి సెలవులు. నేను చేరిన వారానికి బడి మూసేశారు. నన్ను పంపిన ఏజెన్సీ మూడు వారాల డబ్బూ ముందే కట్టించుకుంది. సెలవుల సంగతి అడిగితే "ఫ్లెక్సిబుల్‌గా ఉండండి మేడమ్" అని మెసేజ్ వచ్చింది, దండం బొమ్మతో. ఆ ఫీజులో మామాకు చేరేది మూడో వంతు కూడా లేదని ఆవిడ ఓ సాయంత్రం అరటికాయలు ఒలుస్తూ చెప్పింది. నాకు మూడు పూటలా వండి, వేడినీళ్లు కాచి, రాత్రి ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడేది ఆవిడ. సేవ చేయడానికి వెళ్లింది నేను.

బడి మూసేశాక ఒకే ఒక్క పని తగిలింది. అది కూడా నేను వెతికింది కాదు. లెక్కలు చెప్పే పెద్దాయన ఒకరు నా దగ్గరికి వచ్చి, "మీ చేతిరాత బాగుంది, ఇది కొంచెం రాసిపెడతారా?" అని ఒక నోట్‌బుక్ ఇచ్చారు. అట్ట ఊడిపోయింది. మధ్యలో పేజీలు బొగ్గు పొయ్యి పొగకు గోధుమరంగు తిరిగాయి. ఎడమవైపు స్వాహిలీ మాటలు, కుడివైపు ఇంగ్లీషు. అప్పట్లో అక్కడి సర్కారు బడుల్లో ఏడో తరగతి దాకా చదువు స్వాహిలీలో. ఆ పైన ఒక్కసారిగా ఇంగ్లీషు. లెక్క అదే, పేర్లు మారిపోతాయి. పిల్లలు ఆ మెట్టు దగ్గర పడిపోతున్నారని ఆయన తన సర్వీసంతా ఒక్కో మాటా జత చేసుకుంటూ వచ్చారు. త్రికోణానికి వాళ్ల మాట పెంబెటాటు. పెంబె అంటే మూల, టాటు అంటే మూడు.

నేను పది దాకా తెలుగు మీడియం. లవం, హారం, వికర్ణం తప్ప తెలియని పిల్లను ఇంటర్లో ఎంపీసీలో పడేస్తే, హైపోటెన్యూస్ అన్న మాట విని అదేదో జబ్బనుకున్నాను. కర్ణం అని ఎవరూ చెప్పలేదు. మూడు నెలలు వెనక బెంచీలో ఏడ్చాను. నా కోసం అలాంటి నోట్‌బుక్ ఎవరూ రాయలేదు. అందుకని ఆయనది రెండు ప్రతులు రాసిపెట్టాను. వేలు బొబ్బ కట్టింది. మూడో ప్రతి నాకోసం రాసుకుంటూ పక్కన తెలుగు మాట కూడా వేశాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మీ అక్షరాలు జిలేబీల్లా ఉన్నాయి అనలేదు, అందరూ అనే మాట అది. "దీన్ని ఏ వైపు నుంచి చదవాలి?" అని అడిగారు.

మూడు వారాల్లో నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే. దానికి లెక్కలు కూడా అక్కర్లేదు. చేతిరాత చాలు.

ఇప్పుడు మావాడి సంగతి. వాడి కరపత్రంలో ఉన్నది అనాథాశ్రమం. "ఏం చేస్తావురా అక్కడ?" అంటే "పిల్లలతో ఆడుకోవడం, ఇంగ్లీషు చెప్పడం" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించు. సత్తెనపల్లి ప్రాథమిక పాఠశాలకు టాంజానియా రాజధాని దొడోమా నుంచి ఓ బీటెక్ కుర్రాడు దిగి, తెలుగు ముక్క రాకుండా, ఎంఈఓ కాగితం లేకుండా, రెండో తరగతి పిల్లను చంకనెత్తుకుని ఫొటోలు దిగి, రెండు వారాల తరవాత ఏడుస్తూ వెళ్లిపోతే, ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? కంబోడియాలో అలాంటి ఆశ్రమాల పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి తల్లో తండ్రో ఉన్నారని 2011లోనే బయటపడింది. వచ్చేవాళ్లు ఎక్కువైన కొద్దీ ఆశ్రమాలు ఎక్కువయ్యాయి, ఆశ్రమాలు ఉన్నాయి కాబట్టి పిల్లల్ని తెచ్చారు. వాడు కట్టే ఫీజు అటే పోతుంది. ఇది చెబితే "నేను వెళ్లేది మంచిదే అత్తా, వాళ్ల ఇన్‌స్టా చూశాను" అన్నాడు.

అమెరికా ప్రభుత్వ సేవాదళం పీస్ కోర్ వాళ్లు 1961 నుంచి 1976 దాకా మన దేశానికీ వచ్చేవాళ్లు. ఇప్పటికీ వాళ్ల లెక్క 27 నెలలు. అందులో మొదటి మూడు నెలలు భాష, అలవాట్లు నేర్చుకోవడానికే. మావాడికి మొత్తం కలిపి పద్నాలుగు రోజులు. అందులో రెండు రోజులు అంగ్‌కోర్ వాట్ గుడి చూడటానికి.

కాబట్టి పెట్టె తల్లీ, నీ వల్ల అయ్యే పని ఒకటుంది. నీ ఎడమవైపు జిప్ మూలమలుపు దగ్గర ఎప్పుడూ ఇరుక్కుంటుంది కదా, నేను కొబ్బరినూనె రాసి రాసి లాగేదాన్ని. ఈసారి రాయను. పాత బట్టల మూట వస్తే ఇరుక్కో. చాక్లెట్లు, బెలూన్ల ప్యాకెట్లు వస్తే ఇరుక్కో. కాగితాలు వస్తే మాత్రం వదిలెయ్. అక్కడ పని చేయడానికి ఏ వీసా కావాలో, టూరిస్టు వీసా మీద ఉచిత సేవ కూడా పనేనని అంటారో లేదో, ఆ దేశపు కార్యాలయానికి వాడే రాసి తెచ్చుకున్న జవాబు ఉంటే పెట్టనివ్వు. నా విషయంలో ఏజెన్సీ ఆ మాట నాలుగుసార్లు దాటేస్తే, నేనే బడికి నేరుగా రాసి పర్మిట్ వేయించుకున్నాను. నేను తెలివిగా చేసిన పని అదొక్కటి. బీమా కాగితం ఉంటే వదులు. స్వాహిలీలో కూడా దాన్ని బీమా అనే అంటారు, అర్థం కాలేదనడానికి వీల్లేదు.

ఎల్లో ఫీవర్ టీకా పుస్తకం నీలో పెడితే ఒప్పుకోకు. దాని చోటు చేతిసంచి. కంబోడియాకు ఇక్కడినుంచి నేరుగా పోతే దాని అవసరం రాదు. కెన్యా లాంటి దేశాలు తిరిగి వచ్చేవాళ్లకు కావాలి, లేకపోతే ఇంటికొచ్చాక మనవాళ్లే ఆరు రోజులు విడిగా కూర్చోబెట్టగలరు. నేను గుంటూరు నుంచి నారాయణగూడ వెళ్లి వేయించుకున్నాను, ప్రయాణానికి పదిరోజుల ముందే వేయించుకోవాలి. 2016 నుంచి ఒకసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. నాతో ఉన్న ఒకావిడ దాన్ని తన పెద్ద పెట్టెలో పెట్టి, ఆ పెట్టె ఇంకో ఊరు పోతే, కౌంటర్ దగ్గర పెట్టెను తిట్టింది. నీ జాతిని అన్నందుకు నాకు కోపం వచ్చింది.

ఇంకొక్కటి, వాడి చెవిలో వెయ్యి. కంబోడియాలో పిల్లల తల నిమరకూడదు. తల అంటే వాళ్లకు పవిత్రం. వాడికి ఎదురుపడ్డ ప్రతి పిల్లాడి జుట్టూ చెరపడం అలవాటు.

వాడితో నిన్న రాత్రి ఆ లెక్కల నోట్‌బుక్ సంగతి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. మనసుకు తాకిందనుకున్నాను.

"అత్తా, దాని ఫొటో ఒకటి పంపవా? ఎస్ఓపీలో ఓపెనింగ్‌కి బాగుంటుంది."

ఇట్లు,
నీ జిప్‌తో ఏళ్ల తరబడి కుస్తీ పట్టిన
యజమానురాలు

తా.క. నీ అడుగున, గుడ్డ అస్తరు కింద ఆ చీర ఇంకా ఉంది. రెండుసార్లు ఉతికించినా మరక పోలేదు. ఇద్దామని దిగేసరికి వాచ్‌మన్ వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు, ఏ ఊరో ఎవరూ చెప్పలేదు. ఆదివారం వాడు వచ్చేలోపు దాన్ని తీసి బొమ్మల కొలువు మెట్ల మీద కప్పుతాను.