ఎదిరించినవాళ్లూ ఆధునికులే

ఆధునిక ఆలోచనలు క్రైస్తవ విశ్వాసాన్ని పలచన చేశాయని సంప్రదాయవాదుల ఫిర్యాదు. వాటివల్లే అది నిలబడిందని ఉదారవాదుల వాదన. ఆధునికతతో హోరాహోరీగా తలపడినవాళ్ల చేతుల్లో ఉన్నవీ అది ఇచ్చిన ఆయుధాలేనన్న సంగతి ఇద్దరికీ పట్టదు.

దేవుడి ఉనికిని తర్కంతో రుజువు చేయలేమని 1781లో జర్మన్ తత్వవేత్త కాంట్ తేల్చాక దైవశాస్త్రం కాలి కింద నేల కదిలింది. 1799లో జర్మన్ దైవశాస్త్రవేత్త ష్లయర్‌మాఖర్ దానికి అనుభూతిలో కొత్త చోటు చూపించాడు. 1835లో మరో జర్మన్ పండితుడు స్ట్రౌస్ సువార్తల్లోని అద్భుతాలను పురాణ కల్పనలుగా చదివి, ట్యూబింగెన్‌లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు.

ఈ జర్మన్ గాలి అమెరికాలోని ప్రిన్స్‌టన్ పండితుడు చార్లెస్ హాడ్జ్‌కు గిట్టలేదు. కానీ 1870లలో రాసిన తన గ్రంథంలో ఆయన బైబిలును వాస్తవాల గిడ్డంగి అన్నాడు. శాస్త్రవేత్తకు ప్రకృతి ఎలాగో దైవశాస్త్రవేత్తకు బైబిలు అలాగట! ఇది అపొస్తలుల దగ్గర కాదు, ఆధునిక విజ్ఞాన పద్ధతికి బాట వేసిన ఫ్రాన్సిస్ బేకన్ బడిలో నేర్చిన మాట. ఆదికాండంలోని ఆరు దినాలను మామూలు రోజులుగా లెక్కపెట్టనక్కర్లేదని 5వ శతాబ్దంలోనే అనుకున్న చర్చి పండితుడు అగస్టీన్‌కు ఈ గిడ్డంగి లెక్క వింతగా తోచేదేమో.

స్విస్ దైవశాస్త్రవేత్త కార్ల్ బార్త్ కథ ఇంకా ఆసక్తికరం. 1914 అక్టోబరులో 93 మంది జర్మన్ మేధావులు తమ దేశం చేస్తున్న యుద్ధాన్ని సమర్థిస్తూ ప్రకటన ఇచ్చారు. సంతకాల్లో బార్త్ గురువు, ఉదారవాద దైవశాస్త్రవేత్త హార్నాక్‌దీ ఉంది. అప్పటికి సాఫెన్‌విల్ అనే స్విస్ ఊళ్లో పాస్టరుగా ఉన్న బార్త్‌కు గురువుల దైవశాస్త్రం మీదే నమ్మకం పోయింది. రోమీయులకు రాసిన పత్రికపై ఆయన వ్యాఖ్యానం 1919లో వచ్చింది, 1922లో దాన్ని పూర్తిగా తిరగరాశాడు. దేవుడికీ మనిషికీ మధ్య పూడ్చలేని అగాధం ఉందన్నాడు. ఆ మాట 19వ శతాబ్దపు డేనిష్ తత్వవేత్త కీర్కెగార్డ్ దగ్గర తీసుకున్నదని తనే ఒప్పుకున్నాడు. అరువైతేనేం, 1934లో నాజీ అనుకూల క్రైస్తవులను ధిక్కరించిన బార్మెన్ ప్రకటనకు వెన్నెముక అదే. నా దృష్టిలో ఆ శతాబ్దపు దైవశాస్త్రం చేసిన గొప్ప పని అది.

తత్వవేత్త హైడెగర్‌ను అరువు తెచ్చుకున్న జర్మన్ బైబిలు పండితుడు బుల్ట్‌మన్ మీద కూడా దుమారం రేగింది కానీ, అది ఎక్కువగా పండితుల గొడవ. 1971లో పెరూ ఫాదర్ గుస్తావో గుతియెర్రెజ్ పేదల విమోచనను దైవశాస్త్రానికి నడిబొడ్డున పెట్టినప్పుడు మాత్రం సెగ వీధులదాకా పాకింది. 1984లో వాటికన్ మార్క్సిస్టు విశ్లేషణ జోలికి వెళ్లొద్దని హెచ్చరించింది. అరిస్టాటిల్‌ను అరువు తెచ్చుకున్న మధ్యయుగ దైవశాస్త్రవేత్త అక్వినాస్‌ బోధలకూ 1277లో పారిస్ బిషప్ నిషేధాల సెగ తగిలింది. ఆ నిషేధాలు వచ్చిన 46 ఏళ్లకు చర్చి ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. గుతియెర్రెజ్ అంతకాలం ఆగనక్కర్లేకపోయింది, 2013లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ను వాటికన్‌లో కలుసుకున్నారు.