టాప్-అప్ పాలసీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ టాప్-అప్ పాలసీ గారికి,

రిటైరైనవారికి శాలువా కప్పి పంపేశాక కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమా మెల్లిగా జారుకుంటుంది. ఆ ఖాళీలోకి, మామూలు (బేస్) పాలసీ పైన అదనపు కవరేజీగా తమరు వేంచేస్తారు: "20 లక్షల కవరేజీ, ప్రీమియం చూడండి ఎంత తక్కువో!" ఎందుకు తక్కువో ఏజెంటు చెప్పడు. కాస్త ఎక్కువ ప్రీమియం అడిగే మీ తమ్ముడు సూపర్ టాప్-అప్ పేరు కూడా ఎత్తడు.

లెక్క మేమే చెబుతాం. బేస్ పాలసీ 5 లక్షలు, మీ డిడక్టబుల్ (బిల్లు ఎంత దాటితేనే మీరు ఇవ్వడం మొదలుపెడతారో ఆ మొత్తం) 5 లక్షలు. జూన్‌లో గుండెకి స్టెంటు, బిల్లు 4 లక్షలు. నవంబర్‌లో బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఇంకో 4 లక్షలు. బేస్ పాలసీ 5 ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. మిగతా 3 లక్షలకి మీ గడప తొక్కితే, ఒక్కో బిల్లునీ విడిగా తూచి "ఏదీ 5 దాటలేదే" అంటారు. మీరిచ్చేది సున్నా. తమ్ముడైతే ఏడాది బిల్లులన్నీ కలిపి చూసి ఆ 3 లక్షలూ ఇస్తాడు. పెద్ద వయసులో రోగాలు విడతల్లో వస్తాయి. తమరికేమో అన్నీ ఒకే బిల్లులో కావాలి!

అలాగని తమ్ముడూ సత్యహరిశ్చంద్రుడేం కాదు. అతని ఏడాది అతని పాలసీ తేదీతో మొదలవుతుంది. బేస్ ఏప్రిల్‌లో, సూపర్ సెప్టెంబర్‌లో మొదలైతే జూన్ బిల్లు ఒక ఏడాదిలో, నవంబర్ బిల్లు మరో ఏడాదిలో పడతాయి. మళ్లీ సున్నాయే. కొనేటప్పుడే రెండు తేదీలూ కలుపుకోవాలి.

ఆసుపత్రి గది అద్దె సంగతి సరేసరి. బేస్‌లో రోజుకి 5,000 పరిమితి ఉండగా 8,000 గదిలో చేరితే, డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలూ అదే నిష్పత్తిలో కోసేస్తారు. మందులు, స్టెంటు, పరీక్షలపై ఆ కోత వేయకూడదు, వేస్తే నిలదీయాలి. ఏడాది బిల్లులు డిడక్టబుల్ దాటనంతవరకు ఈ లోటును తమ్ముడూ పూడ్చడు.

పాత జబ్బులకు నిరీక్షణ (పాలసీ కొన్నాక వాటికి క్లెయిము దక్కని కాలం) 3 ఏళ్ల దాకా ఉండొచ్చు. మోకాలి మార్పిడి, కంటి శుక్లాలకు చాలా పాలసీల్లో 2 ఏళ్లు. కాబట్టి 60కి రిటైరయ్యేవారు 57కే కొనడం మేలు. "బీపీ మాత్ర ఒక్కటే కదండీ" అంటూ ఏజెంటు ఫారంలో "లేదు" అని టిక్కు పెడితే, క్లెయిము రోజున ఆ మాత్రే కొన్నవారికి వ్యతిరేకంగా తమరి తరఫు సాక్షి.

పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి పంపే హక్కు కొన్నవారికుంది. కాబట్టి ఈ ఉత్తరం నకలు తమరికన్నా ముందు వారికే పంపుతున్నాం.

ఇట్లు,
పెన్షనర్ల పక్షాన